తిరువైయారు కావేరి గట్టు: గుణదోష విచారము

ప్రవాసాంధ్రుల సంచికలలో తిరువైయారును గూర్చిన వ్యాసము లేని సంచిక అరుదు. అట్టి వ్యాసములలో పెక్కు స్తోత్రములు, కొన్ని విలాపములు. స్తోత్రములు త్యాగయ్యగారి భక్తిని పొగడును. విలాపములు అరవదేశమున మన తెలుగు మాట చెడిపోవుచున్నదని వాపోవును. మేము ఈ రెండును వ్రాయబూనలేదు. ఒక కావ్యమును చదివి గుణమిది, దోషమిది అని చెప్పునట్లు, కావేరి యొడ్డుననున్న సమాధి మందిరమును, తిరుమంజన వీథినుండి ఆ మందిరమునకు వచ్చు ఉంఛవృత్తి త్రోవను చూచి, వానిని కాపాడుచున్న సమాజము ఏమి కాపాడినదో, ఏమి విడిచిపెట్టినదో చెప్పబూనితిమి. మేము పండితులము కాము. సంగీతజ్ఞులము అంతకన్న కాము. మెట్రిక్యులేషను వఱకు చదివి, తంజావూరు జిల్లాలో ఒక కచేరీలో ముప్పది యైదేండ్లు గుమాస్తా పని చేసి విరమించినవారము. ఫైలును మొదటి కాగితమునుండి కడపటి కాగితము వఱకు చూచుట తప్ప వేఱు విమర్శ పద్ధతి మాకు తెలియదు. ఆ పద్ధతినే ఇచట వాడెదము.

తిరువైయారు తంజావూరునకు ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున, కావేరి ఉత్తరపు గట్టున ఉన్నది. ఐదు నదుల చోటు గనుక సంస్కృతమున పంచనదక్షేత్రమనిరి. త్యాగయ్యగారు 1767లో తిరువారూరున పుట్టి, ఈ యూర పెరిగి, ఇచటనే జీవితము గడపి, కడపటి దినములలో సన్న్యసించి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందిరి. సన్న్యాసులను దహింపరు గనుక నది యొడ్డున సమాధి చేసిరి. వారి ఇంటిపేరు కాకర్ల. 1532 మొదలు 1673 వఱకు తంజావూరు నేలిన నాయకరాజుల కాలమునను, పిమ్మట మరాఠా రాజుల కాలమునను తెలుగునకు ఇచటి ఆస్థానమున గౌరవస్థానము కలదు. ఆ నీడను వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో త్యాగయ్యగారి పూర్వులది ఒకటి. మా పూర్వులది మఱియొకటి. కావున ఈ గట్టును గూర్చి మేము యాత్రికులవలె మాటాడలేము. ఇంటివారివలె మాటాడవలెను. ఇంటివారు చేయవలసిన పనిని చేసితిమా యని ముందుగా మమ్ము మేమే అడుగుకొనవలెను.

మొదట గుణములు చెప్పుదము. ఈ స్థలమును ఏ రాజును కట్టింపలేదు. ఏ ప్రభుత్వమును పోషింపలేదు. శిష్యులు, పాటగాండ్రు, భక్తులు, అనగా పాటను నమ్ముకొన్న సామాన్య జనము, దీనిని నిలిపిరి. త్యాగయ్యగారు పోయిన యేబదియైదేండ్లకు సమాధి పొదలలో మునిగి, గుర్తుపట్టరాని స్థితిలో నుండెను. 1903లో వారి ప్రత్యక్ష శిష్యులైన ఉమయాళ్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు వృద్ధాప్యమున అచటికి వచ్చి, చూచి, దుఃఖించి, దానిని బాగుచేయించిరి. తర్వాత 1908 ప్రాంతమున తిల్లైస్థానము నరసింహ భాగవతులు, పంజు భాగవతులు మొదలైనవారు ఏటేట ఆరాధన జరుపుట మొదలిడిరి. కొలదికాలములోనే పెద్దకక్షి, చిన్నకక్షి యని రెండు పక్షములేర్పడి, ఒకే సమాధికి రెండు ఆరాధనలు జరిగెను. కలహమును గుణములలో చేర్చితిమేమని పాఠకులు అడుగవచ్చును. తనది కానిదానికై ఎవడును కలహింపడు గదా!

ఈ రెండు కక్షులలో దేనియందును స్త్రీలకు పాడు అవకాశము లేదు. మైసూరు సీమలోని నంజనగూడున 1878లో జన్మించి, గానముచేత పేరుపొంది మద్రాసున స్థిరపడిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, సమాధి దురవస్థను గూర్చి తన గురువు వ్రాసిన జాబు చదివి తిరువైయారునకు వచ్చిరి. తన నగలమ్మి, చుట్టు స్థలము కొని, 1921లో పని ప్రారంభించి, 1925 నాటికి మందిరము కట్టించి విగ్రహ ప్రతిష్ఠ చేయించిరి. తాను కట్టించిన గుడి యెదుట తనకే పాడు అవకాశము లేకపోగా, 1927 నుండి గుడి వెనుక స్త్రీలతో వేఱుగా ఆరాధన నడిపిరి. అది మూడవ కక్షి. 1940 ప్రాంతమున పెద్దల ప్రయత్నముచేత కక్షులన్నియు ఒక్కటై, స్త్రీపురుషులు కలసి పాడు నేటి ఆరాధన రూపొందెను. నాగరత్నమ్మగారు 1952లో గతించిరి. వారి సమాధియు అచటనే, త్యాగయ్యగారి మందిరమున కెదురుగా కలదు. చేతులు జోడించి కూర్చున్న ఆమె శిలావిగ్రహమును చూడక లోపలికి పోవువాడు ఆ స్థలమును సగమే చూచినవాడు.

నేడు శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభవారు ఆరాధనను నడుపుచున్నారు. పంచమినాటి ఉదయము వందలకొలది విద్వాంసులు పేరుప్రతిష్ఠలు విడిచి, మందిరము ముందు నేలపై వరుసలు తీర్చి కూర్చుండి, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని ఐదు ఘనరాగ పంచరత్నములను ఏకకంఠముగా పాడుదురు. ఆకాశవాణి, దూరదర్శన్ ఆ గానమును దేశమంతట వినిపించుచున్నవి. పారితోషికము తీసికొనక పాడుట అచటి ఆచారము. వినువానికి టిక్కెట్టు లేదు. నిన్న నేర్చిన బాలికయు, ఏబదియేండ్లు పాడిన విద్వాంసుడును ఒకే నేలపై కూర్చుండుట మేము వేఱొక చోట ఎఱుగము. ఇది ఈ స్థలమునకు గల పెద్ద గుణము. ఎవరేమన్నను దీనిని తగ్గించి చెప్పరాదు.

ఇక త్రోవ. త్యాగయ్యగారు తలపై అక్షయపాత్ర ధరించి, తంబుర చేతబట్టి, పాడుచు వీథులు తిరిగి, దొరకిన బియ్యముతో ఇల్లు గడపినారు. అది ఉంఛవృత్తి. దాని స్మరణగా పంచమినాటి ఉదయము తిరుమంజన వీథిలోని వారి ఇంటినుండి సమాధి వఱకు భాగవతులు పాడుచు నడతురు. దూరము ఎక్కువ కాదు. మా వంటి ముసలి కాళ్ళు కూడ సులువుగా నడచును. కాని ఈ చిన్న త్రోవ పట్ల రెండు దోషములు చెప్పక తప్పదు.

మొదటి దోషము ఇల్లు. త్యాగయ్యగారు నివసించిన పాత ఇల్లు ఇప్పుడు లేదు. అది నేలమట్టమై, ఆ స్థలమున క్రొత్త కట్టడము లేచినది. క్రొత్తది శుభ్రముగా నున్నది. దీపధూపములకు లోపము లేదు. ఐనను ఇంటిని గుడిగా మార్చినప్పుడు ఇల్లు పోవును. రాజుగారి పిలుపును త్రోసిపుచ్చినందుకు కోపించి అన్నగారు రాముని విగ్రహమును కావేరిలో విసరెననియు, తమ్ముడు విలపించి విలపించి తిరిగి కనుగొనెననియు ఐతిహ్యము. ఆ కథ వినిన బాలుడు, ఆ విగ్రహముండిన గది యేది, అన్నదమ్ములు పంచుకొన్న గోడ యేది అని అడుగును. పాత గోడయున్నచో వ్రేలితో చూపియుందుము. ఇప్పుడు నోటితో చెప్పవలసియున్నది. కూల్చుటకు కారణములుండవచ్చును, పాత కట్టడములకు మరమ్మతు ఎంత ఖర్చో కచేరీలో బిల్లులు చూచిన మాకు తెలియును. ఐనను మరమ్మతుకును మార్పుకును భేదము కలదు. మరమ్మతు చేసిన ఫైలు అదే ఫైలు. క్రొత్తగా వ్రాసిన ఫైలు నకలు మాత్రమే.

రెండవ దోషము, ఈ త్రోవ ఏడాదికి ఒక్క ఉదయము మాత్రమే త్రోవగా నుండుట. తక్కిన దినములలో అది మోటారుసైకిళ్ళు తిరుగు మామూలు వీథి. ఇచట తమిళుల త్రోవతో పోల్చి చూడవలెను. చిత్తిరై మాసమున ఇదే యూర సప్తస్థానోత్సవము జరుగును. అయ్యారప్పర్ ఆలయమునుండి స్వామి పల్లకి బయలుదేరి తిరుప్పళనము, తిరుచ్చోట్రుత్తురై, తిరువేదికుడి, తిరుక్కండియూరు, తిరుప్పూందురుత్తి, తిల్లైస్థానము చుట్టివచ్చును. ప్రతి యూరివారును ఎదురువచ్చి, తమ స్వామిని కూడ పంపి, జనమునకు అన్నము పెట్టుదురు. ప్రతి యూరికిని తన తేవారము కలదు; పాడుటకు ఓదువార్ కలడు; విన్న రైతునకు అర్థమగును. ఆ త్రోవకు పలకలు అక్కఱలేదు, మార్గదర్శి పుస్తకము అక్కఱలేదు. నడచువాడే చదువరి. మన ఉంఛవృత్తి త్రోవలో పాట వినబడును గాని, వీథియరుగుపై నిలిచి వినువానికి అర్థము కాదు. అర్థము కాని పాట వెంట నడచువారు ఉత్సవము ముగియగానే ఇండ్లకు పోవుదురు.

నదియు ఇట్లే ఉన్నది. మెట్టూరు ఆనకట్ట 1934లో కట్టబడిన పిమ్మట జూన్ 12న నీరు విడుచుటయు, జనవరి 28న మూయుటయు వాడుక. ఆరాధన సాధారణముగా జనవరిలో వచ్చును గనుక బస్సులలో వచ్చినవారు నిండిన కావేరిని చూచి మురియుదురు. ఫిబ్రవరి మొదలు ఇసుకయే. ఎండకాలమున పుష్యమంటపపు మెట్లపై కూర్చుండి ఆ ఇసుకను చూచిన తెలుగువారు ఎందఱు? త్యాగయ్యగారు ఈ నదిని ఉత్సవదినములలో మాత్రమే చూచినవారు కారు. అసావేరి రాగములోని వారి కావేరీ కీర్తనలో నది ఒకచోట గర్జించుచు, ఒకచోట కరుణతో నిండి నడచుచు కానవచ్చును. ముఖారి రాగకీర్తనలో ఈ యూరి గట్టు అందమును స్వయముగా వర్ణించిరి. ఏటిని ప్రతిదినము చూచినవారి వర్ణన అది.

ఇంతవఱకు స్థలమును గూర్చి చెప్పితిమి. ఇక మాటను గూర్చి. మన సంచికలలో వాడుకగా కనబడు ఫిర్యాదు ఏమనగా, తమిళ గాయకులు తెలుగు పదములను విరుగగొట్టి పాడుచున్నారని. దీనికి మూలము దురుద్దేశము కాదు, లిపి. తమిళమున క, ఖ, గ, ఘ నాల్గింటికిని ఒకటే అక్షరము. ట, త, ప వర్గములును అట్లే. కథ, గద, గత అను మూడు మాటలను తమిళలిపిలో వ్రాసిన మూడును ఒక్కతీరుననే యుండును. పాదము పట్టుకొనుటయు బాధపడుటయు ఆ లిపిలో ఒక్కటియే. జాగ్రత్తగల ప్రచురణకర్తలు అక్షరము పైన 1, 2, 3, 4 అని అంకెలు వేసి ఈ చిక్కు విడదీయుదురు. అంగడిలో తక్కువ వెలకు దొరకు పుస్తకములలో ఆ యంకెలుండవు. సమాధి యెదుట పాడు సామాన్యుల చేతులలో నుండునవి ఈ పుస్తకములే. కాబట్టి ఫిర్యాదులో నిజము కలదు. ఐతే ఫిర్యాదు చేయు హక్కు ఎవరికి కలదు? ఈ ప్రశ్నకు జవాబుగా మా తలవంపు ఒకటి చెప్పుకొనవలసియున్నది.

కొన్నేండ్ల క్రిందట ఆరాధన ముగిసిన సాయంకాలము పుష్యమంటపపు మెట్లపై కూర్చుంటిమి. ప్రక్కన ఒక పెద్దామె, కుంభకోణము వైపునుండి వచ్చినామె, తమిళలిపిలో పంచరత్నముల పుస్తకము ఒడిలో నుంచుకొని మెల్లగా పాడుకొనుచుండెను. మేము తెలుగువారమని మాటలలో తెలిసికొని, ఆమె తమిళమున అడిగెను: "అయ్యా, నలుబదియేండ్లుగా పాడుచున్నాను. వరాళి కీర్తనము మొదటి మాటకు అర్థమేమి? మాకెవరును చెప్పలేదు." వరాళిరాగమును గురువు ఎదుట కూర్చుండబెట్టి నేర్పినచో గురుశిష్యులకు ఎడబాటు కలుగునని ఒక నమ్మకము కలదు. అందుచేత ఆ కీర్తనమును పెక్కుమంది విని విని పట్టుకొన్నవారే. అడిగి తెలిసికొన్నవారు తక్కువ. ఆమె చూపిన పుటలో ఆ కీర్తనపు పేరు కనగన అన్నట్లు చదువబడుచుండెను. మేము తడుముకొనక, "కనకము అనగా బంగారము. బంగారువంటి కాంతిగలవాడా యని అర్థము" అని చెప్పితిమి. ఆమె నమస్కరించెను. మేము తెలుగువారము గదా! ఆమె నమ్మకపోవుటకు కారణమేమి?

ఇంటికి వచ్చి, ఏండ్లుగా విప్పని తెలుగులిపి పుస్తకమును విప్పితిమి. కచేరీలో నలుబదియేండ్లకు దగ్గఱగా తమిళమును ఇంగ్లీషును వ్రాసిన కన్నులకు తెలుగు అక్షరము కూడబలుకుకొనవలసిన పని యైనది. కనకనరుచిరా అని యుండెను. అది కనకము కాదు, కన కన. చూడగా చూడగా రుచి హెచ్చువాడా యని రాముని పిలుపు. బంగారు వస్త్రము మాట ఆ తరువాత వేఱుగా వచ్చుచున్నది. మా అమ్మగారు మా చిన్నప్పుడు "వీడి మాటలు వినవిన వింతగా నున్నవి" అనెడివారు. కనకన యనునది వినవిన వంటిదే. తాళపుచెవి మా ఇంటి వంటగదిలోనే యుండెను. మేము దానిని వాడక, బంగారమని చెప్పి ఒక భక్తురాలిని తప్పుత్రోవ పట్టించితిమి. చూచినకొలది తనివి తీరని స్వామిని, పసిడి బొమ్మగా మార్చితిమి. ఆ పాపము లిపిది కాదు. తమిళులది అంతకన్న కాదు.

మఱుసటి యేడు ఆమెను వెదకితిమి, కానరాలేదు. ఆ పైయేడు అదే మెట్లపై కనబడెను. తప్పు ఒప్పుకొని సరియైన అర్థము చెప్పితిమి. ఆమె కోపింపలేదు. పెన్సిలు తీసి, ఆ మాట పైన రెండుగా విడదీయు గీత గీచి, ప్రక్కన తమిళమున అర్థము వ్రాసికొనెను. పిమ్మట పుట త్రిప్పి, ఇంకొక మాటకు అర్థమడిగెను. అది మాకు తెలియదు. తెలియదని చెప్పితిమి. ఈసారి అంతమాత్రము నేర్చియుంటిమి.

ఆ రాత్రి మా ఊరి తెలుగు సంఘపు లెక్కలు ముందుంచుకొని చూచితిమి. ఇరువదియేండ్లు మేము దాని కోశాధికారులము. ప్రతియేడును తిరువైయారు యాత్ర పద్దులు మా చేతివ్రాతలోనే యున్నవి: బస్సు అద్దె, భోజనము, పూలమాలలు, గుడ్డ బానరు, ఫొటోలు. ఇరువదియేండ్లలో పుస్తకములు అను పద్దు ఒక్కటి లేదు. పిల్లలకు అక్షరములు నేర్పుటకు ఒక పలక కొన్న రసీదు లేదు. లెక్కలు సరిపోయినవి, పైసా తేడా లేదు. ఆడిటరు సంతకము చేసెను. ఐనను ఇంత తప్పుడు లెక్క మా ఉద్యోగకాలమున మేము వ్రాయలేదని ఆనాడు తోచెను.

ఇప్పుడు ఫిర్యాదు విషయమునకు వత్తము. ఈ పాటను కాపాడినవారెవరు? ఉమయాళ్పురమువారు, తిల్లైస్థానమువారు తమిళదేశపు భాగవతులు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. వారి పరంపరలోని వ్రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్రసభవారు భద్రపఱచిరి. గుడి కట్టించిన నాగరత్నమ్మగారు కన్నడసీమలో పుట్టినవారు. తమ ఇంటిభాష కాని భాషలోని పాటను వీరందఱును కంటిపాపవలె చూచుకొనిరి. ఇంటిభాషవారమైన మేము ఏటేట బస్సు కట్టి, అతిథులవలె వచ్చి, ఉచ్చారణ బాగుగా లేదని పెదవి విఱిచి, పొంగలి తిని తిరిగి వెళ్ళితిమి. ధ్వనిని వారు కాపాడిరి. అర్థమును మేము కాపాడవలసియుండెను. మా వంతు పని జరుగలేదు.

నాగరత్నమ్మగారి జీవితమున ఇచట గుర్తుచేయదగిన మఱియొక పని కలదు. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కాలపు కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును ఆమె పరిష్కరించి, 1910లో వావిళ్ళవారిచేత అచ్చు వేయించిరి. అంతకుముందు 1887లో వచ్చిన ముద్రణమున కొన్ని పద్యములును, కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొన్న భాగమును లేవని చూచి, వ్రాతప్రతి వెదకి గ్రంథమును పూర్తిగా వెలువరించిరి. ప్రభుత్వము దానిని నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ గ్రంథము రుచించునో లేదో వేఱు మాట. మాకు ముఖ్యమైనది ఇది: ఆమె రాతిని నిలుపుటకు ముందే అక్షరమును నిలిపినది. ఒక మాట జారిపోయినను సహింపని స్వభావముగలామె కట్టించిన గుడి యెదుట, మాటలు ప్రతియేడును జారిపోవుచుండగా మేము రాతిని మాత్రమే కడుగుచున్నాము. ఆ స్థలమును గూర్చి మా విమర్శ అంతయు ఈ ఒక్క వాక్యమున ఇమిడియున్నది.

దోషము చెప్పినవాడు ఉపాయము కూడ చెప్పవలెనని పెద్దలందురు. మా ఉపాయము చిన్నది. ఉంఛవృత్తి త్రోవను ఏడాది పొడుగున నడచు త్రోవగా చేయుదము. దీనికి పాలరాతి పలకలు వలదు, తోరణములు వలదు, రంగులు అసలే వలదు. ఈ ప్రాంతపు తెలుగు సంఘములు వంతులు వేసికొని, నెలకొక దినమున ఒక మనిషిని పంపిన చాలును. ఆ మనిషి నడచువారితో నడచి, నిలిచిన ప్రతిచోట ఒక కీర్తనకు తమిళమున అర్థము చెప్పవలెను. ఇంటి స్థలమున విగ్రహము నదిపాలైన కథ చెప్పవచ్చును. ఆలయమున అఠాణారాగములోని పంచనదీశ్వర కీర్తనమును, సావేరిలోని ధర్మసంవర్ధని కీర్తనమును విప్పవచ్చును. పుష్యమంటపపు మెట్లపై అసావేరి, ముఖారి కీర్తనములు చెప్పుటకు ఎదుటనే నది యున్నది. నీరున్నను సరే, ఇసుకయున్నను సరే. సమాధి యొద్ద పంచరత్నములను, వానిలో మొదటిది సంస్కృతమనియు తక్కినవి తెలుగనియు చెప్పి, మాట మాటగా విడదీయవలెను. కడపట నాగరత్నమ్మగారి విగ్రహము ముందు కూర్చుండి ఆమె కథను దాచక పూర్తిగా చెప్పవలెను. తెలియని మాట వచ్చినచో తెలియదని చెప్పి, కాగితముపై వ్రాసికొని, వచ్చు నెలకు తెలిసికొని రావలెను.

ఇది తమిళులకు తెలుగు నేర్పుటకని ఎవరైనను అనుకొనవచ్చును. అట్లు కాదు. చెప్పవలెనన్న ముందు మనము చదువవలెను. చదువవలెనన్న లిపి రావలెను. అర్థము చెప్పు మనిషిని వెదకి తెమ్మనినచో మా సంఘమున ఎంతమంది దొరకుదురో లెక్క వేయుటకు మాకు ధైర్యము చాలదు. ఈ త్రోవ మొదట మనకు బడి. పిమ్మటనే ఇతరులకు దారి.

మా మనుమనికి పదేండ్లు. ఇంట తెలుగు వినును, తమిళమున జవాబిచ్చును, బడిలో ఇంగ్లీషు చదువును. మొన్నటి ఆరాధనకు వెంట తీసికొనిపోయితిమి. తమిళలిపి పుస్తకమును చూచి అందఱితో కలసి పాడెను. తిరిగి వచ్చునపుడు బస్సులో ఒక మాట చూపి, "తాతా, ఇది పాదమా, బాధా?" అని అడిగెను. లిపిలో ఒక్కటే గనుక వాడు చదివి తెలిసికొనలేడు. రెండు మాటలును ఇంట విన్నవాడు గనుక అడుగగలిగెను. ఆ ప్రశ్న అడుగగలవాడు ఇంకను మన ఇండ్లలో నున్నాడు. మఱొక తరము గడచిన పిమ్మట ఉండునని మేము హామీ ఇవ్వజాలము.

మఱునాడు అంగడికి పోయి పలకయు బలపములును కొంటిమి. వాడు ఇప్పుడు ప, బ, ద, ధ నాలుగు అక్షరములు వ్రాయుచున్నాడు. ధకు క్రింద గీత తఱచు మఱచును. రసీదును సంఘపు పుస్తకములో అంటించి, పుస్తకములు అని క్రొత్త పద్దు తెఱచితిమి. మొత్తము చిన్నది. వచ్చు సంవత్సరపు లెక్క చూచువారు దానిని పెంచెదరు గాక.